ఏ నెల నీళ్ళు

నల్లగొండలో కొత్త ఈతకొలను.
గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంది:
నేటి నీళ్ళు ఇరవై ఎనిమిది.
ఈదమ్మత్త చెప్పులు చేతిలో పట్టుకుని
నీలం పలకల అంచున కూచుంది,
కుడికాలి బొటనవేలు ముంచింది,
చాలాసేపు తీయలేదు.
"ఇవి ఏ నెల నీళ్ళు బిడ్డా?" అంది.

టికెట్లిచ్చే పిల్లగాడు నవ్వాడు.
నేను నవ్వలేదు.

ఆ బొటనవేలు నాకు తెలుసు.
దేవరకొండ అవతల మా మోటబాయిలో
నాకన్నా ముందు అదే దిగేది,
పట్వారి పహాణీ చూసినట్టు నిదానంగా.
నా నడుముకు రెండు ఎండు సొరబుర్రలు కట్టి
"ఆగు, అడగనీ" అనేది.
ఎవరిని అడిగేదో నేను అడగలేదు.

రోహిణి కార్తెలో పైన జానెడు
ఉడికిన గంజి.
మోకాళ్ళ కింద మాత్రం పోయిన పుష్యమాసం
ఇంకా ఒక్కతే కూచుని ఉండేది.
"మీది వేడి జూసి దుంకకు,
కాళ్ళు కొంకర్లు పోతయ్.
బాయికి రెండు మనసులుంటయ్.
రెండోదాన్నడిగి దిగాలె."

చలికాలం తెల్లారగట్ల అదే బాయి
పొయ్యి మీది ఎసరులా పొగలు పోయేది.
దిగడానికి భయం లేదు, గట్టెక్కడానికే:
పండ్లు టకటకలాడుతూ
కందికట్టె మంట దాకా ఉరుకుడు.

సాగర్ కాలువంటే ఆమెకు గిట్టదు.
కట్ట అడుగు నుంచి వదిలిన నీళ్ళు
నడి వైశాఖంలోనూ వణుక్కుంటూ పోతాయి,
"నిద్రల లేపి తోలిన గొర్లమంద లెక్క."
వానలు మొదలైతే నలభై దినాలు
డిండి దిక్కు చూడనిచ్చేది కాదు.
"అవి ఇంకా మనూరి నీళ్ళు కాలే."

డిండి ఠాణా గోడ మీద ఆమె నంబరుంది,
గజ ఈతగాళ్ళు అన్న మాట కింద.
ఎవరో 'గాళ్ళు' కొట్టేసి
పెన్నుతో 'గత్తె' అని దిద్దారు.

ఆ డిసెంబరులో నలుగురు కాలేజీ పిల్లలు,
ఒక సెలవు, బిర్యానీ పొట్లాలు.
మూడు జతల బూట్లు ఎవరివి వాళ్ళు తొడుక్కున్నారు.
నాలుగో జత గట్టునే ఉంది,
లోపల మడిచి పెట్టిన మేజోళ్ళు.

ఈదమ్మత్త గోచి బిగించి మూడుసార్లు మునిగింది.
నాలుగోసారి తేలి, పెదాలు నల్లబడి,
ఎస్సైతో మెల్లగా చెప్పింది:
"ఎండకాలమైతే తెల్లారేసరికి మీదికొస్తుండె.
ఇప్పుడు నీళ్ళు సల్లగున్నయ్.
మూడు నాలుగొద్దులు పడ్తది."

మెల్లగానే చెప్పింది.
తల్లి విన్నది.
"సల్లగున్నాయా?" అంది,
"వాడు స్వెట్టరు తెచ్చుకోలేదమ్మా."

ఈదమ్మత్త ఐదోసారి దిగింది.
చీకటి పడ్డాక కూడా దిగింది.
ఆ రాత్రి నీళ్ళ అంకె ఏ గోడ మీదా లేదు.
ఆమె ఎడమ చెవి ఇప్పటికీ వినదు.

కొలనులో నా కూతురు రుత్విక
ఎర్ర టోపీతో ఆ అంచు నుంచి ఈ అంచుకు
పరీక్ష రాసినట్టు, తప్పు లేకుండా వచ్చింది.
అత్త మెచ్చుకుంది, నిజంగానే.
"మంచిగీదుతది. గని కింద సల్ల లేదు గద,
పైనెంతనో కిందంతనే.
ఈ నీళ్ళు పొల్లకు ఏం చెప్తయ్?"

ఆదివారం మా బాయికి పోయాం.
చుట్టూ బోర్లు తాగగా
ఇంకా రెండు నిలువుల లోతు మిగిలింది.
సొరబుర్రలు ఎక్కడ దొరుకుతాయి,
రెండు ఖాళీ నూనె డబ్బాలు కట్టాం.
రుత్విక మెట్టు మెట్టు దిగింది.
"వేడిగుందే!" అంది, గర్వంగా.
ఇంకో మెట్టు.
నోరు తెరిచింది, మాట రాలేదు,
రెండు చేతులా అత్త మెడ పట్టుకుంది.

అత్త దాని వీపు రాసింది.
"ఆఁ. గదే.
గుర్తు పెట్టుకో."